గౌడవెల్లి గాలిలో అయోడిన్: లేశమాత్రాన్ని లెక్కించే పద్ధతులు

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్లే రైలు మార్గంలో గుండ్లపోచంపల్లి దాటిన తరువాత, మేడ్చల్‌కు ముందు వచ్చే గౌడవెల్లి, సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న దక్కను పీఠభూమి మీది ఊరు. తూర్పున బంగాళాఖాతం దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, పడమట అరేబియా సముద్రం దానికి దాదాపు రెట్టింపు దూరంలో ఉన్నా, సముద్రంతో విడదీయరాని సంబంధం గల అయోడిన్ అనే మూలకం ఈ ఊరి గాలిలోనూ లేశమాత్రంగా ఉంటుంది. సముద్రతీరంలోనూ మైదానంలోనూ పర్వత శిఖరాల మీదా శాస్త్రవేత్తలు గాలిని పరిశీలించిన చోటల్లా అది కనిపిస్తూనే వచ్చింది. అయితే దాని మోతాదు ఎంత స్వల్పమంటే, దాన్ని పట్టుకోవడమూ తూచడమూ వాతావరణ రసాయనశాస్త్రంలో ఒక ప్రత్యేక విద్యగా ఎదగవలసి వచ్చింది. గాలిలో అయోడిన్ ఎంత ఉందన్న ప్రశ్నకు ఒకే ఒక సంఖ్య జవాబు కాజాలదని, ఏ రూపంలోని అయోడిన్‌ను, ఏ అవసరం కోసం, ఏ పద్ధతిలో కొలిచారో చెప్పినప్పుడే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుందని ఆ విద్య చరిత్ర అంతా నిరూపిస్తుంది.

ముందుగా కొలమానాలను పరిచయం చేసుకోవడం అవసరం. గాలిలోని లేశ పదార్థాలను రెండు విధాలుగా చెబుతారు. మొదటిది ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని నానోగ్రాములు ఉన్నాయన్న లెక్క. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం నానోగ్రాము. రెండవది లక్ష కోట్ల గాలి అణువుల్లో ఆ పదార్థపు అణువులు ఎన్ని అన్న లెక్క, దీనినే పీపీటీ అంటారు. ఒక టీఎంసీ నీటిలో 28 మిల్లీలీటర్ల మందు, అంటే రెండు పెద్ద చెంచాలు కూడా నిండనంత, కలిపితే వచ్చే పలుచదనం ఒక పీపీటీ. సాధారణ ఉష్ణోగ్రతలో ఒక పీపీటీ అయోడిన్ అంటే ఘనపు మీటరుకు సుమారు 5 నానోగ్రాములని లెక్క తేలుతుంది. బయటి గాలిలో అన్ని రూపాల అయోడిన్‌ను కలిపి చూసినా అది సాధారణంగా కొన్ని నానోగ్రాముల నుంచి ఇరవై నానోగ్రాముల దాకా మాత్రమే ఉంటుంది.

ఇంత స్వల్పమైన పదార్థాన్ని రోజువారీ కాలుష్య పరిశీలనలో చేర్చరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో ధూళికణాలు, గంధక డయాక్సైడు, నత్రజని డయాక్సైడు, ఓజోను, సీసం, బెంజీను మొదలైన 12 కాలుష్యకాలే ఉన్నాయి. వాటిలో అయోడిన్ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఈ మోతాదులో అది విషం కాదు. పీల్చే గాలి ద్వారా శరీరానికి అందే పోషకమూ కాదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. రోజుకు 15 ఘనపు మీటర్ల గాలి పీల్చే మనిషికి, ఘనపు మీటరుకు 5 నానోగ్రాముల చొప్పున లెక్కిస్తే, ఊపిరి ద్వారా అందేది ఆ అవసరంలో రెండు వేలవ వంతు మాత్రమే. మిగిలినదంతా ఉప్పు, పాలు, చేపలు, గుడ్లు వంటి ఆహారం నుంచే రావాలి. అయినా గాలిలోని అయోడిన్‌ను కొలవడానికి మూడు బలమైన కారణాలున్నాయి. అది ఓజోనును హరిస్తుంది, వర్షంతో నేలను చేరి పంటలకూ పశువులకూ అందే అయోడిన్‌కు ఆధారమవుతుంది, అణు ప్రమాదం జరిగినప్పుడు దాని రేడియోధార్మిక రూపం అన్నిటికంటే ముందుగా ప్రజారోగ్యాన్ని తాకుతుంది.

సముద్రం నుంచి నేలకు

ఫ్రాన్సులో సముద్రపు నాచు బూడిద నుంచి సురేకారం తయారీకి కావలసిన లవణాలను తీస్తున్న బెర్నార్డ్ కూర్త్వా, 1811లో ఆ బూడిదకు గాఢ గంధకామ్లాన్ని ఎక్కువగా కలిపినప్పుడు ఊదారంగు ఆవిరి లేవడాన్ని గమనించాడు. ఆ ఆవిరి చల్లని చోట నల్లని స్ఫటికాలుగా పేరుకుంది. అదే అయోడిన్. సముద్రపు నాచు దాన్ని సముద్రజలం నుంచి గ్రహించి దాచుకుంటుంది కనుక, గాలిలోని అయోడిన్ అంతా నాచు నుంచీ, సముద్రంలోని సూక్ష్మజీవులు విడుదల చేసే మిథైల్ అయోడైడు అనే సేంద్రియ వాయువు నుంచీ వస్తుందని చాలాకాలం భావించారు. బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ తాను రూపొందించిన ఎలక్ట్రాన్ గ్రాహక పరికరంతో 1970ల ఆరంభంలో అట్లాంటిక్ సముద్రయానంలో ఈ వాయువును గాలిలో కొలిచి ఆ భావనకు బలం చేకూర్చాడు.

తరువాతి పరిశోధనల్లో చిత్రం మారింది. గాలిలోని ఓజోను సముద్రపు ఉపరితలాన్ని తాకినప్పుడు నీటిలోని అయోడైడుతో చర్య జరిపి, హైపోఅయోడస్ ఆమ్లాన్నీ అయోడిన్ అణువులనూ గాలిలోకి వదులుతుందని, సముద్రం మీద ప్రధాన వనరు ఇదేనని 2013 నాటికి తేలింది. అలా పైకి వచ్చిన అయోడిన్ ఎండ తగలగానే పరమాణువులుగా విడిపోతుంది. ఒక్కో పరమాణువు ఒక ఓజోను అణువును ఛేదించి అయోడిన్ మోనాక్సైడుగా మారుతుంది. ఆ మోనాక్సైడు ఇతర చర్యల తరువాత మళ్లీ పరమాణువును విడుదల చేయడంతో చక్రం మొదటికి వస్తుంది. ఒక పీపీటీకి మించని పదార్థం ఓజోను మోతాదును ప్రభావితం చేయగలగడానికి ఈ పునరావృత్తే కారణం.

మానవ కార్యకలాపాలు ఈ చక్రంలోకి ఎలా ప్రవేశించాయో ఆల్ప్స్ పర్వతాల మంచు పొరలు చూపించాయి. మోంట్ బ్లాంక్ ప్రాంతంలో తవ్వి తీసిన మంచు స్తంభాన్ని పొరలవారీగా విశ్లేషించి 2018లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 1950 నుంచి 1990ల మధ్య అక్కడి మంచులో అయోడిన్ దాదాపు మూడు రెట్లు పెరిగింది. అదే ఏడాది గ్రీన్‌లాండ్ మంచు మీద వెలువడిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. వాహనాలూ పరిశ్రమలూ వదిలే పొగ వల్ల ఓజోను పెరిగింది, పెరిగిన ఓజోను సముద్రం నుంచి ఎక్కువ అయోడిన్‌ను రప్పించింది, ఆ అయోడిన్ మళ్లీ కొంత ఓజోనును తినివేసింది.

గలగండం చూపిన దారి

గాలిలో అయోడిన్‌ను కొలవాలన్న ఆలోచన వాతావరణశాస్త్రంలో కాక వైద్యంలో పుట్టింది. పారిస్‌కు చెందిన ఔషధ, వృక్షశాస్త్రవేత్త అడాల్ఫ్ షాతాఁ 1850 నుంచి కొన్నేళ్లపాటు గాలి, వర్షజలం, నేల, నదీజలాలు, ఆహారపదార్థాలలో అయోడిన్‌ను వెదికి, గొంతు వద్ద థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గలగండం ఎక్కువగా ఉన్న ఆల్ప్స్ లోయల్లో అది తక్కువగా ఉందని ప్రకటించాడు. సమకాలీనులు ఆయన కొలతలను గౌరవించినా నిర్ధారణను నమ్మలేదు. థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్ ఉందని జర్మన్ రసాయనవేత్త ఓయిగెన్ బౌమన్ 1890ల మధ్యలో కనుగొన్న తరువాతే ఆ వాదానికి పునాది దొరికింది.

మన దేశంలో ఈ గాథను ముందుకు తీసుకువెళ్లినవారు శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. హిమాలయ పాదాల వద్ద కాంగ్రా లోయలో 1956లో ఆయన సహచరులతో కలిసి ప్రారంభించిన దీర్ఘకాలిక అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన ప్రాంతాల్లో గలగండం తగ్గుముఖం పట్టిందని నిరూపించింది. 1962లో మొదలైన జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమానికి ఇటువంటి పరిశోధనలే ఆధారం. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయం, ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించి ఈ కృషికి మరో మెట్టు చేర్చింది.

గాలిలోని అయోడిన్‌కూ నేలలోని అయోడిన్‌కూ మధ్య వారధి వర్షమే. వర్షపు నీటిలో లీటరుకు 1.5 మైక్రోగ్రాముల అయోడిన్ ఉందనుకుని, హైదరాబాద్ పరిసరాల్లో ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వర్షంతో గుణిస్తే, ఎకరం నేల మీదికి సంవత్సరానికి దాదాపు 5 గ్రాముల అయోడిన్ చేరుతుందని తెలుస్తుంది. గ్రానైటు శిలల నుంచి ఏర్పడిన నేలల్లో అయోడిన్ సహజంగానే తక్కువ కనుక, సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతాల్లో ఆకాశం నుంచి దిగే ఈ కొద్ది గ్రాములకు ప్రాముఖ్యం ఉంది. ఊపిరి లెక్కలో లెక్కకు రాని పదార్థం నేల లెక్కలో లెక్కకు వస్తుంది.

ఫిల్టరు మీద పట్టి, ప్రయోగశాలలో తూచి

గాలిలో అయోడిన్ మూడు వర్గాలుగా ఉంటుంది. ధూళి, ఉప్పు కణాలకు అంటుకున్నది ఒకటి. అయోడిన్ అణువులు, హైపోఅయోడస్ ఆమ్లం వంటి చురుకైన అకర్బన వాయువులు రెండవది. మిథైల్ అయోడైడు వంటి నిదానమైన సేంద్రియ వాయువులు మూడవది. మామూలు వడపోత కాగితం మొదటిదాన్ని మాత్రమే ఆపుతుంది, మిగతా రెండూ దాని గుండా జారిపోతాయి. అందువల్ల గాలిని వరుసగా మూడు దశల గుండా లాగుతారు. ముందు సాధారణ ఫిల్టరు కణాలను ఆపుతుంది, తరువాత క్షారం పూసిన ఫిల్టరు అకర్బన వాయువులను పట్టుకుంటుంది, చివర ట్రైఇథిలీన్ డైఅమీన్ అనే రసాయనంలో నానబెట్టిన ఉత్తేజిత బొగ్గు సేంద్రియ అయోడిన్‌ను బంధిస్తుంది. మామూలు బొగ్గు గాలిలో తేమ ఎక్కువైనప్పుడు మిథైల్ అయోడైడును సరిగా పట్టుకోలేదు. ఈ రసాయనం చేరినప్పుడే పట్టు దొరుకుతుంది.

నిమిషానికి 16.7 లీటర్ల గాలిని లాగే చిన్న పంపు రోజంతా నడిస్తే 24 ఘనపు మీటర్ల గాలి ఫిల్టరు గుండా పోతుంది. గాలిలో ఘనపు మీటరుకు 5 నానోగ్రాములు ఉంటే రోజు చివరకు ఫిల్టర్ల మీద చేరేది 120 నానోగ్రాములు. దాన్ని 25 మిల్లీలీటర్ల ద్రావణంలోకి దింపితే లీటరుకు దాదాపు 5 మైక్రోగ్రాముల గాఢత వస్తుంది. లోహాల విశ్లేషణలో నమూనాను సాధారణంగా ఆమ్లంలో కరిగిస్తారు, కానీ అయోడిన్ విషయంలో అది పనికిరాదు. ఆమ్లంలో అయోడైడు అయోడిన్‌గా మారి ఆవిరైపోవచ్చు, లేదా పరికరపు గొట్టాలకు అంటుకుని తరువాతి నమూనాలో తేలి తప్పుడు సంఖ్యను ఇవ్వవచ్చు. అందుకే టెట్రామిథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడు వంటి క్షార ద్రావణాన్ని వాడతారు, ఒక్కో నమూనా తరువాత గొట్టాలను అదే ద్రావణంతో కడుగుతారు.

తయారైన ద్రావణాన్ని ఐసీపీ–ఎంఎస్ అనే పరికరానికి అందిస్తారు. వేల డిగ్రీల వేడి గల ఆర్గాన్ ప్లాస్మాలోకి ద్రావణాన్ని తుంపరగా పంపితే పరమాణువులు విద్యుదావేశం పొందుతాయి. వాటిని ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ప్రకృతిలోని స్థిరమైన అయోడిన్ అంతా 127 ద్రవ్యరాశి సంఖ్య గల ఒకే రకం కావడం ఇక్కడ అనుకూలమైన విషయం. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, ఈసీఐఎల్ ప్రాంతంలో, భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పదార్థాల సంఘటన నిర్ధారణ జాతీయ కేంద్రం అతిశుద్ధ పదార్థాల్లోని లేశ మలినాలను కొలిచే పనిలో ఉంది. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శిలలు, జలాల విశ్లేషణలో ఐసీపీ–ఎంఎస్‌ను దశాబ్దాలుగా ఉపయోగిస్తోంది.

అంత ఖరీదైన పరికరం లేని చోట పనికివచ్చే పాత పద్ధతి కూడా ఉంది. సాండెల్, కోల్తాఫ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1930లలో వివరించిన ఈ పద్ధతిలో పసుపురంగు సీరియం లవణాన్ని ఆర్సెనిక్ సమ్మేళనంతో కలుపుతారు. అయోడైడు లేకపోతే ఆ పసుపు చాలా నెమ్మదిగా వెలిసిపోతుంది. లేశమాత్రం ఉన్నా అది ఉత్ప్రేరకంగా పనిచేసి చర్యను వేగవంతం చేస్తుంది కనుక, రంగు వెలిసే వేగాన్ని బట్టి అయోడిన్ మోతాదును చెప్పవచ్చు. జనాభాలో అయోడిన్ లోపాన్ని అంచనా వేసే మూత్ర పరీక్షల్లో ప్రపంచవ్యాప్తంగా వాడుతున్నది ప్రధానంగా ఈ చర్యనే.

ఏ పద్ధతిని అనుసరించినా ఫలితపు విశ్వసనీయతను నిర్ణయించేది బ్లాంక్ అనే ఖాళీ నమూనా. గాలిని లాగకుండా ఊరికే ఉంచిన ఫిల్టరును కూడా మిగతా వాటితో పాటే తీసుకువెళ్లి, అదే ద్రావణంలో ముంచి, అదే పరికరంలో కొలుస్తారు. దానిలో 10 నానోగ్రాముల అయోడిన్ కనిపిస్తే, ఆ 10 నానోగ్రాములు ఫిల్టరు తయారీ నుంచో, రసాయనాల నుంచో, పనిచేసేవారి చేతుల నుంచో వచ్చినవే. 120 నానోగ్రాముల నమూనాలో అది సర్దుకోదగిన తేడా. గాలిలో ఘనపు మీటరుకు ఒక్క నానోగ్రామే ఉన్న రోజున వచ్చే 24 నానోగ్రాముల నమూనాలో మాత్రం అది దాదాపు సగం. గాయాలకు పూసే పొవిడోన్ అయోడిన్ సీసా మూత ఒకసారి తెరిస్తే చాలు, ఆ గదిలో జరిగే లేశ విశ్లేషణ పాడుకావచ్చు. అయోడిన్ లేబొరేటరీల్లో అటువంటి మందులను నిషేధించడం, అయోడిన్ ఉప్పు ముట్టుకున్న చేతులకు గ్లౌజులు తప్పనిసరి చేయడం ఈ కారణంగానే.

కాంతి సాయంతో, నౌక మీది నుంచి

కొన్ని రూపాలు ఫిల్టరుకు చిక్కవు. అయోడిన్ మోనాక్సైడు పగటి వెలుతురులో నిమిషాల వ్యవధిలోనే రూపం మార్చుకుంటుంది కనుక దాన్ని సీసాలో నింపి ప్రయోగశాలకు తేవడం సాధ్యం కాదు. అది నీలి–ఊదా కాంతిని, ముఖ్యంగా 415 నుంచి 440 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య, తనకే ప్రత్యేకమైన చారలతో శోషించుకుంటుంది. గాలి గుండా దూరం ప్రయాణించిన కాంతిని వర్ణపటంగా విడదీసి ఆ చారలను గుర్తించే పద్ధతిని డోవాస్ అంటారు. ఐర్లాండ్ పడమటి తీరంలోని మేస్ హెడ్ కేంద్రంలో ఈ పద్ధతితోనే అయోడిన్ మోనాక్సైడును తొలిసారి గాలిలో గుర్తించి 1999లో ప్రకటించారు.

ఆకాశం నుంచి చెదిరి వచ్చే సూర్యకాంతిని క్షితిజానికి దగ్గర నుంచి నడినెత్తి దాకా వేర్వేరు కోణాల్లో చూసే మాక్స్–డోవాస్ పరికరాన్ని పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు నౌకల మీద అమర్చి, 2015–2017 మధ్య మూడు యాత్రల్లో హిందూ మహాసముద్రం, దక్షిణ మహాసముద్రం మీద కొలతలు తీశారు. స్వలేహా ఇనామ్దార్, అనూప్ మహాజన్ తదితరులు 2020లో ప్రచురించిన ఈ అధ్యయనం, గాలిలో అయోడిన్ మోనాక్సైడు, ఓజోను, సముద్ర ఉపరితలంలో అయోడైడు ఈ మూడింటినీ ఏకకాలంలో కొలవడంలో మొదటిది. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన ఒక పీపీటీ దాకా అయోడిన్ మోనాక్సైడు వారికి కనిపించింది. దక్షిణ భారతం మీదికి నైరుతి రుతుపవనాలతో వచ్చే గాలి హిందూ మహాసముద్రం మీదుగానే ప్రయాణిస్తుంది కనుక, దక్కను గాలిలోని అయోడిన్‌కు మూలం ఎక్కడ ఉందో ఈ కొలతలు తెలియజేస్తాయి.

నేల మీద, అందునా నగర శివారులో, ఇదే పద్ధతి ఇబ్బందుల్లో పడుతుంది. వాహనాల పొగ నుంచి వచ్చే నత్రజని డయాక్సైడు కూడా అదే నీలి–ఊదా ప్రాంతంలో బలంగా కాంతిని శోషించుకుంటుంది. పైగా అది అయోడిన్ మోనాక్సైడుతో కలిసి వేరే సమ్మేళనంగా మారి, వెదుకుతున్న పదార్థాన్నే కనపడకుండా చేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి చేరువలో ఉన్న గౌడవెల్లిలో కాంతి పద్ధతి కన్నా ఫిల్టరు పద్ధతే యోగ్యం కావడానికి కారణం ఇదే.

హైదరాబాద్ ఆకాశంలో హాలోజన్ల వేట

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు. వీటిని హాలోజన్లు అంటారు. ఓజోను పొరకు క్లోరిన్, బ్రోమిన్ సమ్మేళనాలు చేస్తున్న హాని 1980లలో ప్రపంచాన్ని కలవరపెట్టిన సమయంలో, వాటిని ఉష్ణమండలపు పై వాతావరణంలో కొలవడానికి ఎంచుకున్న చోటు హైదరాబాద్. ఈసీఐఎల్ వద్ద ఉన్న టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి 1987, 1990, 1994 సంవత్సరాల్లో 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు బెలూన్లు పంపాయి. వాటికి వేలాడదీసిన లోహపు సీసాలను ద్రవ నియాన్‌తో అతిశీతలం చేసి, తెరిచిన వెంటనే బయటి పలుచని గాలి లోపలి గోడల మీద గడ్డకట్టేలా అమర్చారు. నేలకు దిగాక ఆ గాలిని కరిగించి ప్రయోగశాలలో విశ్లేషించారు. హైదరాబాద్ మీద మిథైల్ బ్రోమైడు ఎత్తును బట్టి ఎలా తగ్గుతుందో వివరించే ఫలితాలు 1994లో వెలువడ్డాయి. మిథైల్ అయోడైడుకు ఇది దగ్గరి బంధువైన వాయువు.

అయోడిన్‌కు అంత ఎత్తున లెక్క తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. స్ట్రాటోస్ఫియర్ అడుగుభాగంలోకి చేరే అకర్బన అయోడిన్ సుమారు 0.77 పీపీటీ అని విమాన పరిశీలనల ఆధారంగా 2020లో నిర్ధారించారు. పరిమాణం చిన్నదే అయినా, ఓజోనును నాశనం చేయడంలో ఒక్కో అయోడిన్ పరమాణువుకు క్లోరిన్ పరమాణువు కంటే ఎన్నో రెట్ల సామర్థ్యం ఉన్నందువల్ల ఆ భిన్నాంకాన్ని శాస్త్రవేత్తలు తేలిగ్గా తీసుకోలేదు.

ఘనపు మీటరుకు ఒక్క పరమాణువు

కొలత విద్య తన అంచులను చేరేది రేడియోధార్మిక అయోడిన్ విషయంలో. యురేనియం కేంద్రకం విచ్ఛిత్తి చెందినప్పుడు పుట్టే అయోడిన్–131 అర్ధాయువు 8 రోజులు, అంటే ప్రతి 8 రోజులకు దాని పరిమాణం సగమవుతుంది. 80 రోజుల్లో వెయ్యో వంతుకు దిగుతుంది. థైరాయిడ్ గ్రంథి స్థిర అయోడిన్‌కూ దీనికీ తేడా చూడలేదు కనుక, 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. అదే స్వభావాన్ని వైద్యులు మేలుకు కూడా వాడుకుంటున్నారు. థైరాయిడ్ వ్యాధుల చికిత్సలో అయోడిన్–131 సాధారణమైన మందు. ఈసీఐఎల్ వద్ద ఉన్న అణు ఇంధన సముదాయం గురించి ప్రజల్లో తలెత్తే సందేహానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. అక్కడ తయారయ్యేది రియాక్టరులో ఇంకా వాడని ఇంధనం, విచ్ఛిత్తి జరగని ఇంధనంలో అయోడిన్–131 పుట్టే అవకాశం లేదు.

రేడియోధార్మికతను బెకరెల్‌లో కొలుస్తారు. సెకనుకు ఒక పరమాణువు విఘటనం చెందితే ఒక బెకరెల్. 2017 జనవరిలో నార్వే, ఫిన్లాండ్, పోలండ్ తదితర ఐరోపా దేశాల గాలిలో ఘనపు మీటరుకు ఒక మైక్రోబెకరెల్‌కు అటూ ఇటూగా అయోడిన్–131 కనిపించింది. అర్ధాయువును బట్టి లెక్క వేస్తే, ఒక మైక్రోబెకరెల్ అంటే సగటున ఒకే ఒక్క పరమాణువు. ఘనపు మీటరు గాలిలో ఉండే అణువుల సంఖ్య 25 పక్కన 24 సున్నాలు. వాటి మధ్య ఒక్క పరమాణువును ఆ కేంద్రాలు గుర్తించాయి. గంటకు 900 ఘనపు మీటర్ల గాలిని లాగే భారీ యంత్రాన్ని వారం రోజులు నడిపితే సుమారు లక్షన్నర ఘనపు మీటర్ల గాలి ఫిల్టరు గుండా పోయి, అంతే సంఖ్యలో పరమాణువులు దాని మీద చేరతాయి. మధ్యలో విఘటనమయ్యేవి పోగా మిగిలినవి నిమిషానికి తొమ్మిదికి మించకుండా విఘటనం చెందుతుంటాయి. ఆ ఫిల్టరును నొక్కి చిన్న బిళ్లగా చేసి, మందపాటి సీసపు గోడల మధ్య అతిశీతల జెర్మేనియం డిటెక్టరు ముందు ఉంచితే, 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల గామా కిరణాలు దాన్ని పట్టిస్తాయి. స్థిర అయోడిన్‌ను పట్టే ఐసీపీ–ఎంఎస్ ఇక్కడ నిస్సహాయమైనది. ఈ గామా డిటెక్టరుకు అక్కడ స్థిర అయోడిన్ ఎంత ఉన్నా కనపడదు.

రూపాన్ని విస్మరిస్తే ఎంత నష్టమో 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం తరువాత ఐరోపా కొలతలు చూపించాయి. అక్కడికి చేరిన అయోడిన్–131లో సగటున నాలుగింట మూడు వంతులకు పైగా వాయురూపంలోనే ఉంది. కణాలను ఆపే ఫిల్టరు ఒక్కదానితో సరిపెట్టుకున్న కేంద్రానికి అసలు మోతాదులో నాలుగో వంతు కూడా కనపడదు. బొగ్గు దశను చేర్చిన కేంద్రాలే పూర్తి లెక్క చెప్పగలిగాయి.

గౌడవెల్లిలో కొలవాలంటే

ఇన్ని అనుభవాల వెలుగులో చూస్తే, గౌడవెల్లి వంటి ఊళ్లో అయోడిన్‌ను కొలవడానికి పాటించవలసిన క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. పరికరాన్ని రహదారికీ రైలు మార్గానికీ దూరంగా, వంటపొగ తగలని డాబా మీద అమర్చాలి, ఎందుకంటే బొగ్గు, కట్టెలు, పంట వ్యర్థాలు మండినప్పుడు కూడా అయోడిన్ కొంత వెలువడుతుంది. మందుల పరిశ్రమలు విస్తారంగా ఉన్న నగర శివారులో అయోడిన్‌ను ముడిపదార్థంగా వాడే కర్మాగారాలు ఏ దిశలో ఉన్నాయో ముందే గుర్తించి, గాలి దిశను నమూనాతో పాటే నమోదు చేయాలి.

సముద్రంతో నిమిత్తం లేని స్థానిక వనరు ఒకటి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా పరిశీలించదగ్గది. నీరు నిలిచిన వరి మడులు మిథైల్ అయోడైడును విడుదల చేస్తాయని అమెరికాలోని కాలిఫోర్నియా పొలాల్లో జరిపిన పరిశోధన 2000లో వెల్లడించింది. మేడ్చల్, శామీర్‌పేట చెరువుల కింద వానాకాలంలోనూ యాసంగిలోనూ వరి సాగయ్యే భూములు ఇళ్ల స్థలాలుగా మారుతున్నా ఇంకా మిగిలే ఉన్నాయి. నాట్లకు ముందు, పైరు ఎదిగే దశలో, కోత తరువాత, మడికి ఎగువ గాలిలోనూ దిగువ గాలిలోనూ బొగ్గు దశలో పట్టుబడే అయోడిన్‌ను పోల్చి చూస్తే, ఈ ఊరి గాలికి పొలం ఇచ్చేదెంతో విడిగా తెలుస్తుంది.

మిగిలినది రుతువుల లెక్క. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చినా, పడమటి కనుమల వద్ద వర్షంతో కడుక్కుపోయి దక్కనుకు చేరుతుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతపు వాయుగుండాలు తెచ్చే గాలి తక్కువ దూరం ప్రయాణించి వస్తుంది. శీతకాలపు పొడి గాలి ఉత్తర, మధ్య భారతపు ధూళినీ పొగనూ వెంట తెస్తుంది. ఒక్కో నమూనా తీసిన రోజున ఆ గాలి అంతకు ముందు నాలుగైదు రోజుల్లో ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో కంప్యూటరు నమూనాలతో వెనక్కి లెక్కించే పద్ధతి వాతావరణ శాస్త్రంలో సర్వసాధారణం. ఫిల్టరు ఫలితాన్నీ ఆ మార్గాన్నీ పక్కపక్కన పెట్టి ఏడాది పొడవునా పోల్చినప్పుడే సముద్రం వాటా తేలుతుంది.

దీనికి కొత్త వేధశాలను నిర్మించవలసిన పని లేదు. ధూళికణాల కోసం కాలుష్య నియంత్రణ మండళ్లు వాడే తరహా ఫిల్టర్ల నుంచి ఒక చిన్న ముక్కను కత్తిరించి క్షార ద్రావణంలో విశ్లేషిస్తే కణరూప అయోడిన్ తెలుస్తుంది. మూతగల శుభ్రమైన వర్షపాత్ర ఒకటి పెడితే నేలకు దిగే అయోడిన్ తెలుస్తుంది. మూడు దశల పంపును ఎంపిక చేసిన వారాల్లో నడిపితే వాయురూపాలు తెలుస్తాయి. విశ్లేషణ సామర్థ్యం ఇదే జిల్లాలోని ప్రయోగశాలల్లో ఉంది. అలా వచ్చే ఫలితాన్ని ప్రకటించేటప్పుడు ఏ రూపాలను పట్టారు, ఎంత గాలిని ఎంతసేపు లాగారు, ఖాళీ ఫిల్టరులో ఎంత కనిపించింది, కొలతలో అనిశ్చితి ఎంత అన్న నాలుగు వివరాలు సంఖ్య పక్కనే ఉండాలి. గాలిలో అయోడిన్ పెరిగిందనో తగ్గిందనో పత్రికల్లో కనిపించే ఏ వార్తనైనా పాఠకులు ఈ నాలుగు ప్రశ్నలతోనే పరీక్షించాలి. వాటికి జవాబు లేని సంఖ్య ఎన్ని దశాంశ స్థానాలతో అచ్చయినా కొలత అనిపించుకోదు.